కారచేపలో వెలిగే బ్యాక్టీరియాకు పేరు పెట్టడం ఎలా: రేవు నుంచి జీన్ సీక్వెన్స్ దాకా

ఎమ్మెస్సీ ప్రాజెక్టుల సీజన్ మొదలైందంటే నాకు ఒకే రకం ప్రశ్న వస్తుంది. "సార్, చేప నుంచి వెలిగే కాలనీ తీశాం, 16ఎస్ చేశాం, 99.8 శాతం మ్యాచ్ వచ్చింది, కానీ లిస్టులో పైన మూడు పేర్లున్నాయి. ఏది రాయాలి?" 16ఎస్ అంటే బ్యాక్టీరియాలన్నిటిలోనూ ఉండి, వాటిని గుర్తించడానికి చదివే ఒక జీన్. సూటిగా చెప్పాలంటే, ఆ ఒక్క సీక్వెన్స్‌తో ఏ పేరూ రాయలేరు. ఇంకో రెండు జీన్లు కావాలి, వాటికంటే ముందు ఆ కాలనీ నిజంగా ఒకే బ్యాక్టీరియానా అన్నది తేలాలి. నా అనుభవంలో ఈ పనిలో సగం తప్పులు పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కను కోట్ల కాపీలు చేసే పద్ధతి) మెషిన్ దాకా రాకముందే జరిగిపోతాయి. అందుకే చేప కొనే దగ్గర నుంచి మొదలుపెడుతున్నాను.

## 1. ఏ జీవిని తీసుకోవాలి

మన తీరంలో మొదటిసారి చేసేవాళ్లకు కారలు మంచివి. సిల్వర్ బెల్లీ అని ఇంగ్లీషు పుస్తకాల్లో ఉండే చిన్న వెండి చేపలు ఇవే. అన్నవాహిక చుట్టూ ఉంగరంలా ఒక కాంతి అవయవం ఉంటుంది, దాన్నిండా బ్యాక్టీరియా ఉంటుంది, ఆ బ్యాక్టీరియా ప్లేటు మీద సులువుగా పెరుగుతుంది. చేప కూడా చవక.

స్క్విడ్‌లో కూడా చేయొచ్చు. మన దగ్గర దొరికే ఇండియన్ స్క్విడ్‌కు సిరా సంచి మీద రెండు కాంతి అవయవాలుంటాయి. కానీ కోసేటప్పుడు కత్తి కాస్త జారితే సిరా మొత్తం ఒలుకుతుంది, ఆ సిరాలోని మెలనిన్ పీసీఆర్‌ను ఆపేస్తుంది. చెయ్యి తిరిగాక దాని జోలికి వెళ్లండి.

వెలిగే ప్రతి జీవిలో బ్యాక్టీరియా ఉండదు. లాంతరు చేపలు తమ వెలుగును తామే తయారు చేసుకుంటాయి, వాటిని ప్లేటు మీద రుద్ది వారం రోజులు ఎదురుచూసినా లాభం లేదు. లోతు సముద్రపు యాంగ్లర్ చేపల్లో, కంటి కింద దీపం ఉండే ఫ్లాష్‌లైట్ చేపల్లో బ్యాక్టీరియా ఉంది గానీ అది ల్యాబ్‌లో పెరగదు. వాటికి అవయవం నుంచే నేరుగా డీఎన్‌ఏ తీయాలి, అది వేరే దారి.

## 2. రేవుకు వెళ్లే ముందు రోజు

మీడియం ముందే పోసి ఉంచాలి. చేప తెచ్చాక మీడియం కలుపుదాంలే అనుకుంటే ఆ రోజు పని పోయినట్టే.

నేను వాడేది ఒక లీటరుకు:

- సముద్రపు నీరు 750 మిల్లీలీటర్లు
- డిస్టిల్డ్ వాటర్ 250 మిల్లీలీటర్లు
- పెప్టోన్ 5 గ్రాములు
- ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 3 గ్రాములు
- గ్లిజరాల్ 3 మిల్లీలీటర్లు
- అగర్ 15 గ్రాములు
- పీహెచ్ 7.5 దగ్గర

ఇవన్నీ కలపడం బద్ధకమైతే రెడీమేడ్ జోబెల్ మెరైన్ అగర్ డబ్బా కొనుక్కోండి, పని జరుగుతుంది, వెలుగు మాత్రం కాస్త తక్కువ కనిపించవచ్చు.

సముద్రపు నీరు హార్బర్‌లో బోట్ల పక్కన ముంచుకోకండి, డీజిల్ తేలుతూ ఉంటుంది. బీచ్ వైపు తేటగా ఉన్నచోట తీసుకుని ఫిల్టర్ పేపర్‌లో వడకట్టండి. ఆటోక్లేవ్ చేశాక అడుగున తెల్లటి తేరు పడితే కంగారు పడొద్దు, అది లవణాలు దిగడమే, పాడైపోయిందని పారబోయకండి. తేరు పడకూడదనుకుంటే సముద్రపు నీటిని విడిగా ఆటోక్లేవ్ చేసి, గోరువెచ్చగా ఉన్నప్పుడు మిగతాదానితో కలపండి. సముద్రం దగ్గర లేనివాళ్లు అక్వేరియం షాపుల్లో దొరికే సీ సాల్ట్ వాడొచ్చు. వంటింటి అయోడిన్ ఉప్పు మాత్రం వద్దు.

గ్లూకోజ్ వేస్తే బాగా పెరుగుతుంది కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. పెరుగుతుంది, కానీ యాసిడ్ తయారై వెలుగు చచ్చిపోతుంది. లీటరుకు 3 నుంచి 5 గ్రాముల కాల్షియం కార్బొనేట్ కలిపితే ఆ యాసిడ్ కొంత విరుగుతుంది గానీ, గ్లూకోజ్ లేకపోతే ఆ తలనొప్పే లేదు.

వెళ్లే ముందు చూసుకోవాల్సినవి:

- ఆరబెట్టిన ప్లేట్లు కనీసం 20
- స్టెరైల్ చేసిన 75 శాతం సముద్రపు నీరు, 9 మిల్లీలీటర్ల చొప్పున ట్యూబుల్లో
- కత్తెర, సన్నని ఫోర్సెప్స్, స్కాల్పెల్ బ్లేడ్లు
- 70 శాతం ఆల్కహాల్, దూది
- మైక్రోట్యూబ్, అందులో పట్టే చిన్న ప్లాస్టిక్ రోకలి
- థర్మోకోల్ పెట్టె, ఐసు, జిప్ కవర్లు
- ఆటోక్లేవ్ చేసిన టూత్‌పిక్‌లు
- పర్మనెంట్ మార్కర్

క్యాలెండర్ కూడా చూసుకోండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. ప్రాజెక్టు మే నెలలో పెట్టుకుని "చేప దొరకట్లేదు" అని ఫోన్ చేసేవాళ్లు ఏటా ఉంటారు.

## 3. చేప కొనడం

తెల్లవారుజామున వేలం జరిగేటప్పుడే వెళ్లండి. ఎండెక్కాక బుట్టలో మిగిలిన చేపలో కాంతి అవయవం మెత్తబడి ఉంటుంది, పేగుల్లోని బ్యాక్టీరియా అంతటా పాకిపోయి ఉంటుంది. కళ్లు తేటగా, మొప్పలు ఎర్రగా, పొట్ట గట్టిగా ఉన్నవి 6 నుంచి 10 ఏరుకోండి. పొట్ట పగిలిన చేప ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

ఒక్కో చేపను ఒక్కో జిప్ కవర్లో వేసి, ఆ కవర్‌ను ఐసులో పెట్టండి. చేపను నేరుగా ఐసులో పడేయకూడదు. ఐసు కరిగిన మంచినీరు లోపలికి వెళ్తే ఈ బ్యాక్టీరియా ఉబ్బి పగిలిపోతుంది. డీప్ ఫ్రీజర్‌లో పెట్టి రేపు చేద్దాం అనుకోవద్దు, అదే రోజు కోయాలి. నాలుగైదు గంటల లోపు అయితే ఇంకా మంచిది.

పక్కనుంచి, పై నుంచి స్కేలు పెట్టి ఫోటో తీసుకోండి. కారల్లో జాతులు చాలా ఉన్నాయి, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. వీలైతే చిన్న కండ ముక్క ఆల్కహాల్‌లో దాచండి, తర్వాత సీఓఐ అనే, జంతువుల జాతిని గుర్తించడానికి వాడే జీన్ చేయించుకుంటే చేప పేరు కూడా తేలుతుంది. బ్యాక్టీరియా పేరు ఖాయమై చేప పేరు అనుమానంగా మిగిలితే రివ్యూ చేసేవాళ్లు వదలరు.

## 4. కాంతి అవయవం బయటికి తీయడం

చేప ఒంటిని ఆల్కహాల్ దూదితో రెండుసార్లు తుడవండి, ఆరనివ్వండి. మొప్పల కింద నుంచి పొట్ట వెంట కత్తెరతో కోసి, పక్క గోడను పైకి ఎత్తితే కాలేయం కనిపిస్తుంది. దాన్ని పక్కకు జరిపితే అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోట తెల్లగా, కాస్త వెండి రంగుతో, ఉంగరంలా ఒక ముద్ద ఉంటుంది. అదే. కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. చాలా జాతుల్లో మగ చేపకు పెద్దగా, ఆడదానికి చిన్నగా ఉంటుంది, కాబట్టి ఒక చేపలో సరిగ్గా కనిపించకపోతే ఇంకోటి కోసి చూడండి.

అనుమానంగా ఉంటే లైట్లు ఆపి చూడండి. తాజా చేపలో ఆ ఉంగరం నీలిపచ్చగా వెలుగుతూనే ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు ఫోర్సెప్స్ పక్కన పెట్టేసి అలా చూస్తూ కూర్చుంటారు, అది సహజం, కానీ పని ఆపొద్దు.

ఇక్కడి నుంచి వరుస తప్పకూడదు:

1. అన్నవాహికను పైన, జీర్ణాశయాన్ని కింద కత్తిరించి, ఉంగరంతో సహా బయటికి తీయండి.
2. స్టెరైల్ సముద్రపు నీటిలో మూడు ట్యూబులు మార్చి కడగండి. మూడో ట్యూబు నీటిలో 100 మైక్రోలీటర్లు విడిగా ఒక ప్లేటు మీద పరచండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. అవయవం అన్నవాహికకు, దాని ద్వారా పేగుకు సన్నని నాళాలతో కలిసే ఉంటుంది కాబట్టి, మీకు దొరికింది కాంతి అవయవంలోదా, పేగులోదా అని ఎవరైనా అడిగితే చూపించడానికి ఈ ప్లేటే సాక్ష్యం.
3. కొత్త బ్లేడుతో ఉంగరంలో చిన్న ముక్క కోసి, మైక్రోట్యూబులో 500 మైక్రోలీటర్ల స్టెరైల్ 75 శాతం సముద్రపు నీరు పోసి, చిన్న రోకలితో నలపండి.
4. చేప మారినప్పుడల్లా బ్లేడు మార్చండి.

మామూలు డిస్టిల్డ్ వాటర్‌తో గానీ, ఉప్పు తక్కువున్న సెలైన్‌తో గానీ నలపకండి. కారణం పైన ఐసు దగ్గర చెప్పినదే.

## 5. పలచన చేసి ప్లేటు వేయడం

ఆ చిన్న ముక్కలో కోట్ల కొద్దీ కణాలుంటాయి, నేరుగా పరిస్తే ప్లేటంతా తెల్లటి పొర అవుతుంది. పదేసి రెట్లు పలచన చేస్తూ పోయి, పదివేల రెట్లు, లక్ష రెట్లు, పది లక్షల రెట్లు పలచనైన ట్యూబుల నుంచి 100 మైక్రోలీటర్ల చొప్పున పరచండి. ప్లేటుకు 30 నుంచి 150 కాలనీలు వచ్చిన దానితో ముందుకు వెళ్లండి.

20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచండి. మన ఇంక్యుబేటర్లు అన్నీ 37లో పెట్టి ఉంటాయి, అలవాటు కొద్దీ అందులో పెట్టేస్తే మర్నాడు ఏమీ ఉండదు. చల్లటి ఇంక్యుబేటర్ లేకపోతే ఏసీ గది మూల చాలు.

టీసీబీఎస్ (విబ్రియో అనే బ్యాక్టీరియా కోసం తయారైన మీడియం) ప్లేట్లు వాడొద్దు. రొయ్యల హేచరీల్లో అలవాటున్నవాళ్లు వెంటనే అదే తీస్తారు, విబ్రియో ఉందా లేదా అని చూడ్డానికి అది పనికొస్తుంది, వెలుగు చూడ్డానికి మాత్రం కాదు.

## 6. చీకటి గది

ప్లేట్లు పెట్టిన 12 గంటల నుంచి మొదలుపెట్టి, 18కి, 24కి చూడండి. ఈ బ్యాక్టీరియా గుంపు పెరిగి, ఒకదానికొకటి వదిలే రసాయన సంకేతం ఒక మోతాదు దాటాకే వెలుగుతుంది. అందుకని ముందే చూస్తే కనిపించదు, రెండు రోజులకు చూస్తే ఆరిపోయి ఉంటుంది.

గదిలో నిజంగా చీకటి ఉండాలి. మా గదిలో మొదటి బ్యాచ్‌కి "వెలుగు లేదు" అని పన్నెండు ప్లేట్లు ఆటోక్లేవ్ కవర్లో పడేశాం. మర్నాడు సాయంత్రం కరెంటు పోయినప్పుడు ఆ కవర్ లోపల నుంచి వెలుగు. అంతకుముందు మేము చూసినప్పుడు ఏసీ డిస్‌ప్లే, యూపీఎస్ లైటు, తలుపు కింద సందు, అన్నీ కలిసి మా కళ్లను మోసం చేశాయి. అప్పటి నుంచి తలుపు కింద టవల్ పెట్టి, అన్ని చిన్న లైట్ల మీద నల్ల టేపు అంటిస్తాం.

పద్ధతి ఇది:

- ఫోను బయట పెట్టండి. గదిలోకి వెళ్లి కనీసం 10 నిమిషాలు ఊరికే కూర్చోండి.
- ప్లేటును సూటిగా కాకుండా కాస్త పక్కచూపుతో చూడండి. మసక వెలుగు చూపు అంచుల్లో బాగా తెలుస్తుంది.
- వెలిగే కాలనీలో టూత్‌పిక్ గుచ్చి అలాగే నిలబెట్టి వదిలేయండి. లైటు వేశాక ఏ కాలనీయో ఆ పుల్లే చెబుతుంది.
- పని చేయడానికి లైటు కావాల్సి వస్తే ఎర్ర టార్చ్ వాడండి.
- రికార్డు కోసం ట్రైపాడ్ మీద ఫోను పెట్టి 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌తో ఫోటో తీయండి.

ఒక చేప నుంచి ఒకే కాలనీ తీసి ఊరుకోకండి. కనీసం 10 తీయాలి. ఒకే కారచేప అవయవంలో రెండు దగ్గరి చుట్టాలు, ఫోటోబ్యాక్టీరియం లియోగ్నాతి, ఫోటోబ్యాక్టీరియం మండపమెన్సిస్, కలిసి కాపురం చేయడం 2007లోనే ప్రచురితమైంది. రెండో పేరు మన పక్కనే తమిళనాడులో ఉన్న మండపం ఊరిది. ఒక్క కాలనీతో ఆగిపోతే రెండోది ఉన్నట్టే మీకు తెలియదు.

## 7. శుద్ధి చేయడం, దాచడం

టూత్‌పిక్ గుచ్చిన కాలనీని కొత్త ప్లేటు మీద గీయండి, మళ్లీ చీకట్లో చూడండి, విడిగా వెలిగే కాలనీని ఇంకో ప్లేటుకు మార్చండి. మూడుసార్లు. రెండుసార్లు చాలదా అంటే, నా దగ్గర చాలలేదు. వెలిగే కాలనీ కింద పలచగా పాకిన వెలగని కాలనీ ఒకటి ఉండి, సీక్వెన్స్ గ్రాఫు మొత్తం ఒక్కోచోట రెండేసి రంగుల శిఖరాలతో వచ్చింది, డబ్బూ పోయింది, రెండు వారాలూ పోయాయి.

శుద్ధి అయిందో లేదో చూసే చవకైన పరీక్ష ఒకటుంది. మూడో ప్లేటు నుంచి ద్రవ మీడియంలో పెంచి, చీకట్లో ట్యూబును కదపకుండా పట్టుకోండి. పైన గాలి తగిలే చోట మాత్రమే సన్నటి ఉంగరంలా వెలుగు ఉంటుంది. ఇప్పుడు ఒక్కసారి కుదపండి, ట్యూబంతా భగ్గుమంటుంది. వెలుగుకు ఆక్సిజన్ కావాలి, అంతే కారణం. ఆ ద్రవాన్ని పలచన చేసి పరిస్తే వచ్చిన ప్రతి కాలనీ వెలగాలి. కొన్ని వెలిగి కొన్ని వెలగకపోతే గానీ, రెండు రకాల ఆకారాలు కనిపిస్తే గానీ మళ్లీ ఆరో మెట్టుకు వెళ్లండి.

తేలగానే వెంటనే దాచండి. 20 శాతం గ్లిజరాల్‌తో, మైనస్ 80 డిగ్రీల్లో, ఒక్కోదానికి మూడు ట్యూబులు. ప్లేటు నుంచి ప్లేటుకు నెలల తరబడి మారుస్తూ పోతే వెలుగు తగ్గిపోయే రకాలు తలెత్తుతాయి.

## 8. డీఎన్‌ఏ తీయడం

పీసీఆర్ వరకే అయితే కిట్టు అక్కర్లేదు. తాజా కాలనీని 100 మైక్రోలీటర్ల స్టెరైల్ నీటిలో కలిపి, 95 డిగ్రీల్లో 10 నిమిషాలు వేడిచేసి, వెంటనే ఐసులో పెట్టి, 10,000 ఆర్‌పీఎంలో 5 నిమిషాలు తిప్పండి. పైన తేరిన నీరే మీ డీఎన్‌ఏ. మంచినీటిలో ఈ కణాలు పగిలిపోతాయని ఇందాక భయపడ్డాం కదా, ఇక్కడ అదే మనకు కావాలి.

అగర్ ముక్క రాకుండా చూడండి. కాలనీ మరీ ఎక్కువ తీసుకోవడం కూడా తప్పే, నీరు పాలలా ఉంటే ఎక్కువైనట్టు. ఉప్పు, జిగురు రెండూ పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. మొదటిసారి రాకపోతే అదే నీటిని పది రెట్లు పలచన చేసి మళ్లీ వేయండి, చాలాసార్లు పని అయిపోతుంది.

ఇలా తీసింది ఒకటి రెండు వారాలకు మించి నిలవదు. ముందుముందు జీనోమ్ మొత్తం చేయించే ఆలోచన ఉంటే మాత్రం కిట్టుతో తీసి దాచండి.

## 9. మూడు జీన్లు, ఒక్కోదానికి ఒక్కో పని

16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ. 27ఎఫ్, 1492ఆర్ ప్రైమర్లు (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చెప్పే చిన్న డీఎన్‌ఏ ముక్కలు), సుమారు 1,500 బేస్ పెయిర్ల ముక్క. ఇది ప్రజాతిని చెబుతుంది: ఫోటోబ్యాక్టీరియమా, విబ్రియోనా, అలీవిబ్రియోనా. అంతకుమించి దాన్ని అడగకండి.

జైర్‌బి. యూపీ1, యూపీ2ఆర్ ప్రైమర్లు, సుమారు 1,200 బేస్ పెయిర్లు. ప్రోటీన్ తయారుచేసే జీన్ కాబట్టి త్వరగా మారుతుంది, దగ్గరి జాతులను విడదీస్తుంది. మీకు జాతి పేరు ఇచ్చేది ఎక్కువగా ఇదే.

లక్స్ఏ. వెలుగు పుట్టించే లూసిఫెరేజ్ ఎంజైములో ఒక భాగం. మీ ఐసొలేట్ (మీరు వేరుచేసిన బ్యాక్టీరియా) దగ్గర వెలుగు జీన్ ఉందని ఇది రుజువు. దీనికి ప్రచురితమైన ప్రైమర్లు చాలా ఉన్నాయి, ఫోటోబ్యాక్టీరియంకు సరిపడేవి చూసి తీసుకోండి, విబ్రియో హార్వేయి కోసం తయారైనవి కారచేప ఐసొలేట్ల మీద మొండికేస్తాయి.

25 మైక్రోలీటర్ల రియాక్షన్‌కు: రెండు రెట్ల మాస్టర్ మిక్స్ 12.5, ఫార్వర్డ్ ప్రైమర్ 1, రివర్స్ ప్రైమర్ 1, డీఎన్‌ఏ 1, నీరు 9.5. ప్రైమర్ 10 మైక్రోమోలార్ ఉండాలి. జైర్‌బి ప్రైమర్లు ఒక్కటి కాదు, రకరకాల సీక్వెన్సుల మిశ్రమం, కాబట్టి వాటిని రెండింతలు వేసి, ఆ మేరకు నీరు తగ్గించండి.

16ఎస్‌కు నేను పెట్టే ప్రోగ్రాం: 95 డిగ్రీల్లో 5 నిమిషాలు, ఆ తర్వాత 30 సార్లు 94లో 30 సెకన్లు, 55లో 30 సెకన్లు, 72లో 90 సెకన్లు, చివర 72లో 10 నిమిషాలు. జైర్‌బికి మధ్య వేడి (ప్రైమర్ అతుక్కునే ఉష్ణోగ్రత) 60తో మొదలుపెట్టి, 72లో 2 నిమిషాలు ఇవ్వండి. అడ్డదిడ్డంగా గీతలు వస్తే టచ్‌డౌన్ పెట్టండి, అంటే 65 నుంచి మొదలై సైకిల్‌కు ఒక డిగ్రీ తగ్గుతూ 55 దాకా.

ప్రతిసారీ రెండు కంట్రోల్ ట్యూబులు ఉండాలి, ఒకటి డీఎన్‌ఏ బదులు నీరు, ఇంకోటి పేరు తెలిసిన వెలిగే స్ట్రెయిన్. 16ఎస్ నీటి ట్యూబులో కూడా గీత వచ్చిందంటే ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టండి. "సన్నగానే వచ్చింది కదా సార్" అనొద్దు.

వెలుగు జీన్ల వరుస మీద ఇంకో చిట్కా. లక్స్‌బి చివర నుంచి లక్స్‌ఈ మొదటి వరకు ఒక పీసీఆర్ వేస్తే, మధ్యలో లక్స్‌ఎఫ్ అనే జీన్ ఉన్నవాటికి ముక్క దాదాపు 700 బేస్ పెయిర్లు పెద్దగా వస్తుంది. మండపమెన్సిస్‌లో లక్స్‌ఎఫ్ ఉంటుంది, లియోగ్నాతిలో ఉండదు. అంటే పది ఐసొలేట్లను సీక్వెన్సింగ్‌కు పంపకముందే జెల్ మీద రెండు గుంపులుగా విడదీసుకోవచ్చు. లక్స్‌ఎఫ్ ఫోటోబ్యాక్టీరియం ఫాస్ఫోరియంలో, కిషితాని‌లో కూడా ఉంది కాబట్టి ఇది గుంపులు చేయడానికే, పేరు పెట్టడానికి కాదు.

## 10. జెల్, సీక్వెన్సింగ్

1 శాతం అగరోజ్, పక్కన లాడర్ (సైజులు తెలిసిన డీఎన్‌ఏ ముక్కలు). ఒకే గీత, సరైన సైజులో, స్పష్టంగా. ఎథిడియం బ్రోమైడ్ వాడితే గ్లవ్స్ తీయకుండా తలుపు గొళ్లెం పట్టుకోవద్దు. ప్రతి ల్యాబ్‌లో ఎవరో ఒకరు చేసేదే ఇది.

సీక్వెన్సింగ్‌కు పంపేటప్పుడు:

- రెండు వైపుల నుంచీ చదివించండి. ఒక వైపు చదివితే చివరి భాగం నమ్మదగ్గది కాదు.
- జైర్‌బి ముక్కను యూపీ1, యూపీ2ఆర్‌తో చదివించకండి. యూపీ1ఎస్, యూపీ2ఎస్ఆర్ అనే విడి ప్రైమర్లున్నాయి, అవి పంపాలి. ఫారంలో ఇది రాయకపోతే వాళ్లు మీరిచ్చిన పీసీఆర్ ప్రైమరే వాడతారు, చెత్త వస్తుంది, బిల్లు మాత్రం వస్తుంది.
- ట్యూబు మీద మార్కర్ రాత ఆల్కహాల్ తగిలితే పోతుంది, పైన టేపు వేయండి.

## 11. శిఖరాలను కళ్లతో చూడండి

మెయిల్‌లో వచ్చిన అక్షరాల ఫైలు కాపీ చేసి బ్లాస్ట్‌లో (సీక్వెన్స్‌ను డేటాబేస్‌తో పోల్చే వెబ్‌సైట్) పేస్ట్ చేయడం అందరూ చేసే తప్పు. దాంతోపాటు వచ్చే రంగురంగుల శిఖరాల ఫైలును ముందు తెరవండి, ఉచిత సాఫ్ట్‌వేర్లు బోలెడున్నాయి. మొదటి 30 నుంచి 50 అక్షరాలు, 700 నుంచి 800 దాటిన తర్వాతి గందరగోళం కత్తిరించండి. రెండు వైపుల చదువులను కలిపి, తేడా ఉన్నచోట ఏ శిఖరం స్పష్టంగా ఉందో చూసి నిర్ణయించండి.

రెండేసి శిఖరాలు కనిపిస్తే వెంటనే కల్చర్ పాడైందని అనుకోకండి. చోటును బట్టి అర్థం మారుతుంది. 16ఎస్‌లో అక్కడక్కడా మాత్రమే ఉంటే, ఈ బ్యాక్టీరియా జీనోమ్‌లో ఆ జీన్ పదీ పదిహేను కాపీలు ఉండొచ్చు, కాపీల మధ్య చిన్న తేడాలు సహజం. లక్స్‌ఏలో మాత్రమే ఉండి జైర్‌బి శుభ్రంగా ఉంటే, కొన్ని లియోగ్నాతి స్ట్రెయిన్లలో వెలుగు జీన్ల గుంపు రెండు జతలు ఉంటుంది, జపాన్ తీరంలో దొరికిన వాటిలో ఇది చూశారు. జైర్‌బిలో మొదటి నుంచీ చివరి దాకా రెండేసి ఉంటే మాత్రం మీ కల్చర్ కలిసిపోయింది, ఏడో మెట్టుకు వెనక్కి వెళ్లడమే.

## 12. పేరు నిర్ణయించడం

బ్లాస్ట్‌లో టైప్ మెటీరియల్ (జాతికి ఆ పేరు పెట్టినప్పుడు ప్రమాణంగా ఉంచిన స్ట్రెయిన్) సీక్వెన్సులతో మాత్రమే పోల్చే గడి ఒకటి ఉంటుంది, అది టిక్ చేయండి. లేదంటే ఎవరో తప్పు పేరుతో వేసిన సీక్వెన్స్ మీ నెత్తిన పడుతుంది. విబ్రియో హార్వేయిగా ప్రపంచమంతా ఏళ్ల తరబడి వాడిన బీబీ120 స్ట్రెయిన్ నిజానికి విబ్రియో క్యాంప్‌బెల్లీ అని 2010లో తేలింది. దీనికి మన రొయ్యల చెరువులతో కూడా సంబంధం ఉంది. హేచరీలో వెలిగే విబ్రియో కనిపిస్తే అలవాటుగా హార్వేయి అని రాసేస్తాం, ఆ రెండింటినీ 16ఎస్ విడదీయలేదు.

16ఎస్ పోలిక 98.7 శాతం కంటే తక్కువ ఉంటే కొత్త జాతి కావచ్చని అనుమానించాలి. ఎక్కువ ఉన్నంత మాత్రాన అదే జాతి అని అర్థం కాదు. సగం థీసిసుల్లో తిరగబడిన వాక్యం ఇదే.

తర్వాత జైర్‌బితో వంశవృక్షం గీయండి. పోల్చడానికి టైప్ స్ట్రెయిన్లు తప్పకుండా ఉండాలి (ఏటీసీసీ అంటే అమెరికాలోని కల్చర్ల సేకరణ, పక్కది అందులో నంబరు):

- ఫోటోబ్యాక్టీరియం లియోగ్నాతి, ఏటీసీసీ 25521
- ఫోటోబ్యాక్టీరియం మండపమెన్సిస్, ఏటీసీసీ 27561
- ఫోటోబ్యాక్టీరియం ఫాస్ఫోరియం, ఏటీసీసీ 11040
- అలీవిబ్రియో ఫిషెరి, ఏటీసీసీ 7744
- విబ్రియో హార్వేయి, ఏటీసీసీ 14126
- విబ్రియో క్యాంప్‌బెల్లీ, ఏటీసీసీ 25920
- చెట్టుకు వేరు (రూట్)గా పెట్టడానికి దూరపు చుట్టం ఒకటి, షెవనెల్లా గానీ ఈ. కోలి గానీ

జైర్‌బిని అమైనో ఆమ్లాల వరుస ప్రకారం అమర్చండి, మధ్యలో ఆపే కోడాన్ వస్తే చదవడంలో తప్పుంది. మెగా సాఫ్ట్‌వేర్‌లో మ్యాగ్జిమం లైక్లీహుడ్ (చెట్టు గీసే పద్ధతి), కొమ్మ ఎంత నమ్మదగ్గదో శాతంలో చెప్పే 1000 బూట్‌స్ట్రాప్‌లు చాలు. మీ ఐసొలేట్ ఒక టైప్ స్ట్రెయిన్‌తో కలిసి, 70 కంటే తక్కువ మద్దతుతో నిలబడితే పేరు ఖాయంగా రాయకండి, ప్రజాతి పేరు రాసి ఆపండి.

లక్స్‌ఏ చెట్టును విడిగా గీసి పక్కన పెట్టండి. రెండు చెట్లూ ఒకే మాట చెబితే నిశ్చింత. వేరువేరుగా చెబితే జైర్‌బి వైపు మొగ్గండి, ఎందుకంటే వెలుగు జీన్లు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి గంపగుత్తగా చేతులు మారిన సందర్భాలున్నాయి.

మండపమెన్సిస్‌ను కొందరు విడి జాతిగా, కొందరు లియోగ్నాతి ఉపజాతిగా రాస్తారు. మీరు ఏది పాటించారో పద్ధతుల భాగంలో ఒక్క వాక్యం రాయండి. ఇంకా తేలకపోతే రెక్‌ఏ, పైర్‌హెచ్, ఆర్‌పీఓఏ జీన్లు కూడా కలపండి, లేదా జీనోమ్ మొత్తం చేయించి సగటు న్యూక్లియోటైడ్ పోలిక చూడండి. అక్కడ 95 నుంచి 96 శాతం గీత.

## 13. పని ఆగిపోయినప్పుడు

కాలనీలున్నాయి, వెలుగు లేదు: గది చీకటి, చూసిన గంట, ఇంక్యుబేటర్ వేడి, ఈ వరుసలో చూసుకోండి. మూడూ సరిగ్గా ఉంటే చేప పాతది.

నిన్న వెలిగింది, ఇవాళ లేదు: ఆరిపోయింది, చావలేదు. కొత్త ప్లేటు మీద గీసి 16 గంటలకు చూడండి.

16ఎస్ వస్తోంది, లక్స్‌ఏ రావట్లేదు: ప్రైమర్ సరిపోలేదు. మధ్య వేడి 4 డిగ్రీలు తగ్గించండి, లేదా వేరే ప్రైమర్ల జత తెప్పించండి. కంటికి వెలుగు కనిపిస్తున్నప్పుడు జీన్ లేదని మాత్రం రాయకండి.

ఏ జీనూ రావట్లేదు, కంట్రోల్ వచ్చింది: డీఎన్‌ఏను పలచన చేయండి. స్క్విడ్ అయితే సిరా అనుమానించండి, కాలనీని ఇంకోసారి ప్లేటు మార్చి పెంచాక తీయండి.

పేగు నుంచి వేసిన ప్లేటులోనూ, అవయవం ప్లేటులోనూ అదే బ్యాక్టీరియా: తప్పు కాకపోవచ్చు, అవయవం నుంచి పేగులోకి బ్యాక్టీరియా విడుదలవుతూ ఉంటుంది. కడిగిన మూడో నీటి ప్లేటులో కాలనీలు ఎన్ని, అవయవం ప్లేటులో ఎన్ని అని లెక్క చూపించండి. తేడా వేలల్లో ఉంటే మీ మాట నిలుస్తుంది.

## 14. చివరి కాగితాల పని

సీక్వెన్సులను జెన్‌బ్యాంక్‌లో (సీక్వెన్సుల బహిరంగ డేటాబేస్) వేసేటప్పుడు చేప పేరు, అవయవం, రేవు, తేదీ అన్నీ నింపండి, ఖాళీ వదిలేసిన గడులు తర్వాత ఎవరికీ పనికిరావు. కల్చర్‌ను చండీగఢ్‌లోని ఎంటీసీసీలో గానీ, పుణెలోని ఎన్‌సీఎంఆర్‌లో గానీ (రెండూ కల్చర్లను భద్రపరిచే కేంద్రాలు) జమ చేసి నంబరు తీసుకోండి. విదేశీ ల్యాబ్‌కు కల్చర్ పంపాలనుకుంటే మాత్రం ముందు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య అథారిటీ అనుమతి కావాలి. అది పోస్టులో వేసేశాక గుర్తొచ్చే విషయం కాకూడదు, కొరియర్ బుక్ చేయకముందే దరఖాస్తు పెట్టండి.